రెండు నిమిషాల ఫోన్ కాలుకి 94 సెంట్లు

(న్యూజెర్సీలో తెలుగు పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, వంటల దగ్గర నిలబడి ఇటో చెవి వేసి వింటున్న అమ్మలకి, అందరికీ నమస్కారం. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం ‘విశ్రాంత జీవితంలో డబ్బు జాగ్రత్తలు’. ఇరవై నిమిషాలన్నారు. వీలునామా గురించి, పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికేర్ గురించి నాలుగు ముక్కలు రాసుకునే వచ్చాను. టైముంటే అవి చెబుతాను. ఉండదనుకోండి.

ఎందుకంటే డబ్బు జాగ్రత్త అనగానే నాకు గుర్తొచ్చేది ఫోను కార్డు, ముందే డబ్బు కట్టి నిమిషాలు కొనుక్కునేది. నవ్వకండి. 1990ల్లో ఈ దేశం వచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు! వీళ్ళందరి పర్సుల్లోనూ కార్డులుండేవి, అవునా కాదా?

ఇక్కడ ఇంట్లో ఫోనుండేది. దాన్నుంచి నేరుగా ఇండియాకి చేస్తే నిమిషానికి డాలరు పైన పడిన రోజులు చూశాం. అవతల ఇండియాలో అంతర్జాతీయ కాల్స్ అన్నీ విదేశ్ సంచార్ నిగమ్ అనే ఒక్క కంపెనీ గుప్పిట్లోనే ఉండేవి. ఆ గుత్తాధిపత్యం 2002 మార్చి ఆఖరుకి గానీ పోలేదు. కాబట్టి మనం కార్డుల మీద పడ్డాం. మన ఇండియా కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో కందిపప్పు, కరివేపాకు తీసుకుని కౌంటరు దగ్గరికొస్తే గోడ నిండా అవే పోస్టర్లు. పులి బొమ్మ ఒకటి, తాజ్‌మహల్ బొమ్మ ఒకటి. ఐదు డాలర్లకి ఇన్నేసి నిమిషాలని అరచేతంత అంకెలు. హైదరాబాదుకో రేటు, ‘మిగతా ఇండియా’కో రేటు. మాది తణుకు పక్కన పల్లెటూరు. అంటే నేను జీవితమంతా మిగతా ఇండియానే!

కార్డు కొని, నాణెంతో వెండిపూత గీకి, డబ్బు పడని 800 నంబరు కొట్టి, పిన్ను కొట్టి, 011, 91, ఊరి కోడు, నంబరు. చివర్లో ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటికి. అన్నీ సరిగ్గా కొడితే రికార్డింగులో ఒకావిడ తియ్యగా చెప్పేది, మీకు ఇన్ని నిమిషాలున్నాయని. ఆ తియ్యదనమే మనల్ని ముంచింది.

ఊళ్ళో మా ఇంట్లో ఫోన్ లేదు. మాది పీపీ నంబరు. వీధి చివర రైసుమిల్లువాళ్ళింట్లో మోగేది. మాకు శనివారం రాత్రయితే వాళ్ళకి ఆదివారం పొద్దున. మిల్లువాళ్ళ అత్తయ్యగారు ఎత్తేవారు. “ఎవరూ, అబ్బాయా? ఉండు, మీ అమ్మని కేకేస్తా” అని రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. ఇక నేను ఇక్కడ కూర్చుని వినాలి. కోడి కూత, ఎవరో ఇత్తడి బిందె కడుగుతున్న చప్పుడు, రేడియోలో సూక్తులు. అమ్మ రావాలంటే నాలుగు గుమ్మాలు దాటాలి, దార్లో ఇద్దరు పలకరిస్తారు, ఆవిడ ఆగుతుంది. నిమిషాలు కరిగిపోయేవి.

ఆ అత్తయ్యగారిది జాలిగుండె. కొన్నాళ్ళకి ఆవిడే అన్నారు: “ఎందుకు బాబూ, అలా పట్టుకుని కూర్చుంటే నీ డబ్బులు తగలడిపోతాయి. పెట్టేసి పావుగంటాగి చెయ్యి, అమ్మని ఇక్కడే కూర్చోబెడతా.” బంగారంలాంటి సలహా. ఊళ్ళో ఎస్టీడీ బూతు లెక్కయితే అదే సరైన పని. నేనూ అలాగే చేశాను. కార్డు ఇంకా తొందరగా అయిపోయింది!

ఎందుకంటే కనెక్షన్ ఫీజు. అవతలివాళ్ళు ఫోనెత్తడమే తరవాయి, మాట్లాడింది పది సెకన్లయినా సరే, కాలు కలిపినందుకు కార్డులోంచి కొంత కోసేస్తారు. రెండోసారి చేస్తే రెండోసారీ కోస్తారు. ఇది పోస్టరు మీద ఉండదు. కార్డు వెనక, లేత బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. దానికింద మెయింటెనెన్స్ ఫీజు: కార్డు వాడటం మొదలెట్టాక, మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా వారానికింత. దానికింద రౌండింగు: రెండు నిమిషాలు మాట్లాడితే మూడుగా కడతారు. ఇంటి ఫోనుకి బదులు వీధిలో పేఫోన్ నుంచి ఆ 800 నంబరు కొడితే దానికి వేరే వడ్డింపు.

ఒక లెక్క చెబుతాను, వినండి. అంకెలు ఊరికే ఉదాహరణకి. ఐదు డాలర్ల కార్డు, వంద నిమిషాలన్నాడు. అంటే నిమిషం 5 సెంట్లు. కనెక్షన్ ఫీజు 79 సెంట్లనుకోండి. అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడాను. మూడు నిమిషాలుగా కట్టి 15 సెంట్లు, ఫీజు 79, మొత్తం 94. ఇలా ఐదు కాల్స్ చేస్తే 4 డాలర్ల 70 సెంట్లు హరీ. మాట్లాడింది పది నిమిషాలు. కొన్నది వంద!

ఇంకో విషయం. మా అమ్మ ఏమనేది? “సరే నాన్నా, తిన్నావు కదా, పెట్టేయ్, బిల్లయిపోతుంది.” మీ అమ్మలూ అంతేగా? ఆ తల్లి పొదుపు చేస్తున్నాననుకుంది. గంటసేపు మాట్లాడేవాడికి ఆ ఫీజు నిమిషానికి సెంటున్నర కూడా పడదు. రెండు నిమిషాలకే పెట్టేసేవాడికి దాదాపు 40 సెంట్లు పడుతుంది. ఎవరు ఎక్కువ జాగ్రత్తపడితే వాళ్ళ దగ్గరే ఎక్కువ గుంజుతుంది. నా కోపమంతా అక్కడే. డబ్బు పోయినందుకు కాదు, ఐదు డాలర్లకి ఎవరూ చచ్చిపోరు. ఆవిడ పొదుపుని కార్డు కంపెనీవాడు సొమ్ము చేసుకున్నాడు.

ఇది నా ఒక్కడి ఏడుపు అనుకోకండి. 2008 నుంచి ఇక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి కార్డుల కంపెనీల మీద కోర్టుకెళ్ళింది. వాళ్ళు కార్డులు కొని పరీక్షించిన ఒక కేసులో చెప్పిన నిమిషాల్లో దాదాపు సగమే వచ్చాయి. తర్వాత 2015 అక్టోబరులో టెలిఫోన్ల అజమాయిషీ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఆరు కంపెనీలకి తలా 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. వాళ్ళు తేల్చిందేమిటి? ఆ నిమిషాలన్నీ రావాలంటే ఒక్క కాలులోనే మొత్తం మాట్లాడెయ్యాలి! వందల నిమిషాలు ఏకబిగిన ఎవరితో మాట్లాడతామండీ? హరికథ చెప్పినా మధ్యలో మంచినీళ్ళు తాగుతారు.

కానీ 2015 నాటికి మనం కార్డులు పారేసి వాట్సాప్‌లో ఉన్నాం. జరిమానా మంచిదే. అది మా అమ్మ చెవిన పడే సమయానికి పడలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఐదు నిమిషాలు సార్, దీనికి కనెక్షన్ ఫీజు లేదు.

మీలో ఇంకా ఇంటి ఫోను ఉంచుకున్నవాళ్ళున్నారు. ఆ బిల్లు తీసి చూడండి. ‘ఫెడరల్’ అనో, ‘ఎఫ్‌సీసీ’ అనో పేరుతో ఒక చార్జీ కనిపించొచ్చు. చాలా ఏళ్ళపాటు దీని గరిష్ఠ పరిమితి నెలకి 6 డాలర్ల 50 సెంట్లు. పేరు చూసి ప్రభుత్వం పన్ను అనుకుని నోరు మూసుకుని కడతాం. అది పన్ను కాదు, ఆ డబ్బు కంపెనీకే వెళ్తుంది. ప్రభుత్వం ఇంతకు మించకూడదంది గానీ, వసూలు చేసి తీరాలని అనలేదు. అసలు పన్ను వేరే ఉంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం ఖర్చుకని టెలిఫోను మీద వేశారు. తీశారు, మళ్ళీ వేశారు. దూరపు కాల్స్ మీద 2006లో ఎత్తేసి, ఆ ఏడాది ఆదాయపన్ను రిటర్నులో 30 నుంచి 60 డాలర్లు వెనక్కి తీసుకోమన్నారు. కొందరం తీసుకున్నాం కూడా. లోకల్ సర్వీసు మీద 3 శాతం ఇప్పటికీ ఉంది. యుద్ధం ఎప్పుడో అయిపోయిందండీ! అయినా ఆ పన్ను మీద నాకు అంత కోపం లేదు. దానికి చట్టముంది, రేటుంది, బిల్లులో దాని పేరుతోనే ఉంది.

అమ్మా, నాకు బిల్లు చదవడం రాదంటారా? భోజనాలయ్యాక నా దగ్గరికి తీసుకురండి. పిల్లలకి చూపించడానికి మొహమాటపడి ఏళ్ళతరబడి కడుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నాకు తెలుసు.

చివరిగా ఒక్కమాట, కమిటీవారికి. కోపం తెచ్చుకోకండి. మన పిక్నిక్ కరపత్రం మీద టికెట్టు 20 డాలర్లని ఉంది. నేను కంప్యూటర్లో కొనబోతే ఆఖరి పేజీలో ‘సౌకర్య రుసుము’ అని ఇంకో రెండున్నర కలిసింది. 2025 మే నుంచి కచేరీల, ఆటల టికెట్లకీ, హోటల్ గదులకీ మొత్తం ధర ముందే చూపించాలని ట్రేడ్ కమిషన్ నిబంధన వచ్చింది. మన పిక్నిక్ దాని కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు చూసుకుంటారు. మనం లాయర్లని అడగాల్సిన పని లేదు. ట్రెజరర్‌గారూ, నవ్వడం కాదు, కరపత్రం మీద 22.50 అని వేయించండి. వచ్చే నెల మీటింగుకి కొత్త కరపత్రం తెస్తామని ఇప్పుడే, ఈ మైకులో చెప్పండి. ఇదిగో మైకు.