కర్త, కర్మ, క్రియ: ఏ భాషలో ఏది ముందు?

[తెర మీద మూడు మాటలు: టొటొ – యొనొయె – కమర]

బ్రెజిల్‌లోని అమెజాన్ అడవుల్లో హిష్కర్యానా అనే భాష మాట్లాడతారు. తెర మీద ఉన్నది ఆ భాషలో ఒక వాక్యం. టొటొ అంటే మనిషి. యొనొయె అంటే తినేయడం, జరిగిపోయిన పని. కమర అంటే జాగ్వార్, చిరుతను పోలిన పెద్ద జంతువు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని తిన్నారు?

తిన్నది జాగ్వారే. ఈ భాషలో మామూలు వాక్యం కర్మతో మొదలవుతుంది, తర్వాత క్రియ వస్తుంది, కర్త చివర్న వస్తుంది. డెస్మండ్ డర్బిషైర్ అనే భాషాశాస్త్రవేత్త 1977లో దీని గురించి రాసేదాకా, కర్మతో మొదలయ్యే వరుస ఏ భాషలోనైనా మామూలు వరుసగా ఉంటుందా అన్నది చాలామందికి అనుమానమే.

ఆ అనుమానానికి కారణం ఉంది. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 30 భాషల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. వాటిలో మన పక్కింటి కన్నడ కూడా ఉంది. దాదాపు అన్నిటిలోనూ కర్త కర్మకంటే ముందే వస్తోంది. తర్వాతి కాలంలో ఇదే లెక్క ఇంకా పెద్ద ఎత్తున జరిగింది.

[తెర మీద ఆరు వరుసలు, ఒక్కోదాని పక్కన అంకె]

ప్రపంచ భాషల నిర్మాణాల్ని పోల్చి చూపే వరల్డ్ అట్లాస్ ఆఫ్ లాంగ్వేజ్ స్ట్రక్చర్స్‌లో ఈ వరుస గురించి 1376 భాషల వివరాలున్నాయి. కర్త–కర్మ–క్రియ వరుస 564 భాషల్లో ఉంది: తెలుగు, హిందీ, జపనీస్, టర్కిష్ లాంటివి. కర్త–క్రియ–కర్మ 488 భాషల్లో: ఇంగ్లిష్, చైనీస్, థాయ్, స్వాహిలి. క్రియతో మొదలై ఆ తర్వాత కర్త, కర్మ వచ్చేవి 95. వెల్ష్, ఐరిష్ ఈ కోవలోవి. మడగాస్కర్‌లోని మలగాసీలో అయితే ‘చదువుతున్నాడు పుస్తకం విద్యార్థి’ అన్నట్టుగా చెబుతారు. అలాంటివి 25. మన హిష్కర్యానా వరుస 11 భాషల్లో, కర్మ–కర్త–క్రియ కేవలం 4 భాషల్లో. ఫలానాది మామూలు వరుస అని తేల్చి చెప్పలేని భాషలు 189.

చాలా వీడియోలు ఈ ఆరు వరుసల పట్టిక చూపించి ఇక్కడితో ముగించేస్తాయి. నా దృష్టిలో అసలు విషయం మొదలయ్యేది ఇక్కడే. ఎందుకంటే ఈ పట్టిక చూసి ‘తెలుగులో క్రియ చివర్నే రావాలి’ అనుకుంటే అది నిజం కాదు.

[తెర మీద: రవి కిరణ్‌ని పిలిచాడు]

‘రవి కిరణ్‌ని పిలిచాడు.’ ‘కిరణ్‌ని రవి పిలిచాడు.’ ‘పిలిచాడు రవి, కిరణ్‌ని.’ ఎలా తిప్పినా పిలిచింది రవే. ఆ ‘ని’ కిరణ్‌ని పట్టుకుని ఉన్నంతవరకు అతను వాక్యంలో ఎక్కడికెళ్లినా కర్మే. సంస్కృతంలో ఈ స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. ‘రామః రావణం హంతి’ అన్న మూడు మాటల్నీ ఆరు రకాలుగా పేర్చవచ్చు, చంపేది రాముడే. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటి పతంజలి మహాభాష్యంలో దీనికి చిన్న ఉదాహరణ ఉంది: ‘ఆహర పాత్రమ్’ అన్నా ‘పాత్రమ్ ఆహర’ అన్నా గిన్నె తెమ్మనే. మాటల్ని విడివిడిగా తయారుచేసి వదిలితే అవి తమకు తోచినట్టు కలుస్తాయన్నది అక్కడి భావం.

అలాగని వరుస మార్చితే ఏమీ మారదని కాదు. తెలుగులో క్రియకు సరిగ్గా ముందున్న చోటుకు బలం ఎక్కువ. ‘కిరణ్‌ని రవి పిలిచాడు’ అంటే పిలిచింది రవి, ఇంకెవరో కాదు అన్న ఊనిక వస్తుంది. అందుకే ప్రశ్న అడిగేటప్పుడు ‘కిరణ్‌ని ఎవరు పిలిచారు?’ అని ‘ఎవరు’ని తీసుకెళ్లి క్రియ పక్కనే పెడతాం.

ఈ ‘ని’ని ఇంకాస్త దగ్గరగా చూద్దాం. ‘పిల్లవాడు గ్లాసు పగలగొట్టాడు’ అంటాం. గ్లాసుకు ‘ని’ లేదు, అయినా ఎవరికీ సందేహం రాదు, గ్లాసు పిల్లవాణ్ణి పగలగొట్టదు కదా. ‘రవి కిరణ్ పిలిచాడు’ అంటే మాత్రం వాక్యం విరిగిపోతుంది. మనుషుల దగ్గర ‘ని’ తప్పనిసరి, వస్తువుల దగ్గర చాలాసార్లు అక్కర్లేదు. మరి రెండూ వస్తువులైతే? ‘లారీ బస్సును గుద్దింది.’ ఇక్కడ ఎవరూ నేర్పకుండానే ‘ను’ చేరుస్తాం. ఎందుకంటే బస్సు కూడా లారీని గుద్దగలదు. అవసరం ఉన్న చోట గుర్తు పెట్టడం, లేని చోట వదిలేయడం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు మళ్లీ పనికొస్తుంది.

[తెర మీద: పాత ఇంటి తలుపు]

వాక్యంలో ఇంత స్వేచ్ఛ ఉంది కదా, మరి ఈ మూడు మాటల్ని కదిపి చూడండి. ‘తలుపు ఇంటి పాత.’ ‘ఇంటి పాత తలుపు’ అంటే నడుస్తుంది కానీ అప్పుడు పాతది తలుపు మాత్రమే. ‘పాత తలుపు ఇంటి’ అంటే ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టుంది. వాక్యంలో గుంపులు తిరుగుతాయి, గుంపు లోపలి మాటలు మాత్రం కదలవు. ‘పాత ఇంటి తలుపు రవి పగలగొట్టాడు’ అంటే గుంపంతా కలిసే ముందుకొచ్చింది. ఇలా కలిసి కదిలే గుంపునే పదబంధం అంటారు.

[‘పాత’, ‘ఇంటి’ చుట్టూ ఒక గడి, అది చెరిగిపోయి ‘ఇంటి’, ‘తలుపు’ చుట్టూ గడి]

దీనికి రెండు అర్థాలున్నాయని గమనించారా? ముందు ‘పాత ఇంటి’ కలిస్తే, పాతబడింది ఇల్లు, తలుపు నిన్ననే పెట్టి ఉండవచ్చు. ముందు ‘ఇంటి తలుపు’ కలిస్తే, పాతబడింది తలుపు. మాటలు అవే, వరుస అదే, కనపడని గడులు మాత్రం వేరు. భాష అంటే దండలో పూసల్లాగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే మాటలు మాత్రమే కాదనడానికి నాకు తెలిసిన అతి చిన్న రుజువు ఇదే.

గుంపు కూడా చెదిరిపోయే భాషలు లేకపోలేదు. మధ్య ఆస్ట్రేలియాలోని వార్ల్‌పిరిలో ‘పిల్లలు’ అన్న మాట వాక్యం మొదట్లో, ‘చిన్న’ అన్న మాట వాక్యం చివర్న ఉండవచ్చు. రెండిటికీ ఒకే ప్రత్యయం తగిలించి ఉంటుంది కాబట్టి, ‘చిన్న’ ఎవరిదో వినేవాళ్లు పట్టేస్తారు.

సరే, గుంపు లోపల ఏది ముందు, ఏది వెనక? ప్రతి పదబంధంలోనూ ఒక ముఖ్యపదం ఉంటుంది, అంటే ఆ గుంపు ఎలాంటిదో నిర్ణయించే మాట. తెలుగులో అది చివర్న ఉంటుంది. ‘చెట్టు కింద’లో ‘కింద’ చివర. ఇంగ్లిష్‌లో ‘అండర్ ద ట్రీ’, అదే పనిచేసే మాట మొదట. ‘నిన్న చదివిన పుస్తకం’లో పుస్తకం చివర. ఇంగ్లిష్‌లో ‘ద బుక్ ఐ రెడ్ యెస్టర్‌డే’, పుస్తకం మొదట. ఇక క్రియల దగ్గరికొస్తే ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

[తెర మీద: చదివించలేకపోయారని అనుకుంటున్నాను]

దీన్ని ముక్కలు చేద్దాం. చదువు, ఆ పని ఇంకొకరిచేత చేయించడం, చేయించలేకపోవడం, అలా జరిగిందని నేను అనుకోవడం. ఇంగ్లిష్‌లో ‘ఐ థింక్ దే కుడ్ నాట్ మేక్ హిమ్ స్టడీ’. ముందు అనుకోవడం, తర్వాత లేకపోవడం, తర్వాత చేయించడం, చివర్న చదువు. అద్దంలో చూసినట్టు పూర్తిగా తిరగబడింది. ఇంగ్లిష్ మాట్లాడబోయి వాక్యం మధ్యలో టెన్షన్ పడి ఆగిపోయేవాళ్లకు వచ్చే ఇబ్బంది తరచుగా పదాలు రాకపోవడం కాదు. మొదట చెప్పాల్సింది ఇంకా బుర్రలో చివర్నే ఉండిపోతుంది.

ఇప్పుడు జపనీస్ చూడండి. ‘కినో యోన్ద హోన్.’ కినో అంటే నిన్న, యోన్ద అంటే చదివిన, హోన్ అంటే పుస్తకం. టర్కిష్‌లో ‘దూన్ ఒకుదూమ్ కితాప్’, అంటే నిన్న నేను చదివిన పుస్తకం. మాటకు మాట తెలుగు వరుసే. ఈ మూడు భాషలకూ చుట్టరికం ఉందని రుజువేమీ లేదు. అయినా క్రియ చివర్న వచ్చే భాషల్లో ‘కింద’, ‘మీద’ లాంటివి నామం తర్వాత రావడం, క్రియ ముందొచ్చే భాషల్లో అవి నామానికి ముందు రావడం గ్రీన్‌బర్గ్ గమనించాడు.

ఎందుకిలా? జాన్ హాకిన్స్ అనే భాషాశాస్త్రవేత్త చెప్పిన కారణం నాకు బాగా నచ్చుతుంది. ముఖ్యపదాలన్నీ ఒకే వైపున ఉంటే అవి ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కాబట్టి వినేవాళ్లు గుంపుల్ని తొందరగా గుర్తుపడతారు. అయితే దీన్ని చట్టం అనుకోకూడదు. పర్షియన్‌లో క్రియ చివర్నే వస్తుంది, కానీ ‘లో’, ‘నుంచి’ లాంటివి నామానికి ముందొస్తాయి. చైనీస్‌లో క్రియ కర్మకంటే ముందు, అయినా ‘నేను చదివిన’ అన్నది పుస్తకానికి ముందే. విశేషణాలైతే ఈ లెక్కకే లొంగవు. 1992లో మాథ్యూ డ్రయర్ అనే భాషాశాస్త్రవేత్త వందల భాషల్ని పరిశీలించి, క్రియ ఎక్కడున్నదీ చూసి విశేషణం ఎటువైపు ఉంటుందో ఊహించలేమని తేల్చాడు.

క్రియ చివర్న ఉండటం వల్ల వినేవాళ్లకు ఇంకో పని పడుతుంది. ‘నేను రేపటి మీటింగ్‌కి తప్పకుండా...’ ఇక్కడిదాకా విన్నవాళ్లకు ‘వస్తాను’ వినబడాలో ‘రాలేను’ వినబడాలో ఇంకా తెలీదు. అప్పటికప్పుడు అనువాదం చేసే దుబాసీలకు ఇది రోజూ ఉండే పని. జపనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి చెప్పాలంటే క్రియ కోసం ఆగాలి, లేదా ఊహించి ముందుకెళ్లాలి.

[తెర మీద రెండు చేతులు, మాటలు లేవు]

మరి ఏ భాషా అడ్డురాకపోతే మనిషి ఏ వరుస ఎంచుకుంటాడు? 2008లో సూజన్ గోల్డిన్-మెడో అనే మనస్తత్వశాస్త్రవేత్త బృందం ఇంగ్లిష్, చైనీస్, స్పానిష్, టర్కిష్ మాట్లాడేవాళ్లను నోరు విప్పకుండా చేతుల సైగలతోనే ఒక సంఘటన చెప్పమంది. అందరూ దాదాపు ఒకే వరుస వాడారు: చేసినవాళ్లు, వస్తువు, పని. ఇంగ్లిష్ వాళ్లు కూడా. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో అల్-సయ్యిద్ అనే బెదూయిన్ ఊళ్లో చెవిటివాళ్లు, వాళ్లతో మాట్లాడేవాళ్లు కలిసి తమంతట తామే ఒక సైగల భాష పెంచుకున్నారు. చుట్టూ వినబడే భాషల వరుస అది కాకపోయినా, అందులోనూ పని చివరే వస్తుందని 2005లో వెల్లడైంది.

అలాంటప్పుడు ఇంగ్లిష్ వరుస 488 భాషల్లో ఎందుకుంది? 2013లో ఎడ్వర్డ్ గిబ్సన్ అనే పరిశోధకుడి బృందం ఇలాంటి సైగల పరీక్షే చేసింది. అమ్మాయి బంతిని తన్నింది అని చూపించాలంటే పని చివర్న వచ్చింది. అమ్మాయి అబ్బాయిని తన్నింది అని చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రం చాలామంది పనిని ఇద్దరి మధ్యకు తెచ్చారు. ఇద్దరూ తన్నగలిగినవాళ్లే కాబట్టి, ఒకే వైపు ఉంచితే ఎవరు ఎవర్ని తన్నారో కలగాపులగమవుతుంది. క్రియను మధ్యలో పెడితే ఆ గొడవ తీరుతుంది. లేదా క్రియను చివరే ఉంచి, కర్మకు ఒక గుర్తు తగిలించాలి. క్రియ చివర్న వచ్చే భాషల్లో ‘ని’ లాంటి విభక్తి ప్రత్యయాలు ఎక్కువగా కనపడటానికి కారణం ఇదేనని వాళ్ల వాదన. గ్లాసుకు అక్కర్లేని ‘ని’ కిరణ్‌కి తప్పనిసరి కావడం ఈ వాదనకు చక్కగా సరిపోతుంది. అయితే అందరూ దీన్ని ఒప్పుకోరు. సైగ చేసేవాళ్లు తామే ఆ మనిషిగా నటిస్తారు కాబట్టి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి మారే ఇబ్బంది వల్లే వరుస మారిందని ఇంకో బృందం అంటోంది. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.