పొరుగింటి పాల సీసా: 1933 నాటి రెండు హాలీవుడ్ సంగీత చిత్రాలు

నమస్కారం. ఈ రోజు రెండు పాత సినిమాల గురించి చెబుతాను. రెండూ వార్నర్ బ్రదర్స్ వారివే, రెండూ 1933లో విడుదలైనవే: 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933', 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్'. నాటకం వేయడమే రెండింటిలోనూ కథ.

'గోల్డ్ డిగ్గర్స్' మొదలవడమే పాటతో. జింజర్ రోజర్స్ నాణేలతో అల్లిన దుస్తుల్లో, మాకు డబ్బుకు కొదవ లేదని పాడుతుంది. అది రిహార్సల్. ఇంతలో షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) మనుషులు వచ్చిపడతారు. నిర్మాత అప్పు కట్టలేదట! దుస్తులు, సెట్లు అన్నీ జప్తు. ఆ తర్వాత ఒకే గదిలో సర్దుకుంటున్న ముగ్గురు నటీమణులను చూస్తాం. వాళ్లలో ఒకామె కిటికీలోంచి పటకారు చాచి, పొరుగింటి పాల సీసాను లాక్కుంటుంది. అమెరికాలో శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతుకు పని లేని ఏడాది అది. ఆ పటకారు చూశాక, వీళ్లు వేసే ప్రతి అడుగూ అన్నం కోసమేనని మనకు తెలిసిపోతుంది. నాకు ఈ సినిమాలంటే ప్రాణం అందుకే.

నృత్యాలు బస్బీ బర్క్‌లీవి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో కవాతులు నడిపించిన మనిషి ఆయన. కెమెరాను నడినెత్తికి ఎక్కించి, పదుల కొద్దీ అమ్మాయిలను పువ్వులా విచ్చుకునేలా చేస్తాడు. నాటకశాలలో కూర్చున్నవాళ్లకు అది కనిపించే అవకాశమే లేదు. కనిపించేది మనకు మాత్రమే!

'గోల్డ్ డిగ్గర్స్' మధ్యలో, బోస్టన్‌కు చెందిన అన్నదమ్ముల ప్రేమ తగవు సాగదీసినట్టుంటుంది. ఓపిక పట్టండి, చివరి పాట కోసం. వీధిలో ఒక నిరుపేదను పోలీసు పట్టుకోబోతాడు. నటి జోన్ బ్లాండెల్ అడ్డుపడి, అతని కోటు అంచు తిప్పి చూపిస్తుంది. లోపల యుద్ధ పతకం! తర్వాత వానలో సైనికులు, ఆ వెంటనే ఉచిత భోజనం కోసం బారులు తీరిన మనుషులు. అంతకు ముందు ఏడాదే, 1932లో, తమకు రావలసిన బోనస్ అడగడానికి వాషింగ్టన్ వెళ్లిన మాజీ సైనికులను సైన్యమే తరిమేసింది. ఆ గాయం పచ్చిగా ఉండగానే ఈ పాట తీశారు.

'ఫార్టీ సెకండ్ స్ట్రీట్'లో కాలి చీలమండ దెబ్బతిన్న నాయిక స్థానంలో, గుంపులో ఆడే అమ్మాయి రంగస్థలం ఎక్కుతుంది. ఆ పాత్ర రూబీ కీలర్‌ది. కానీ నా చూపు నాటక దర్శకుడి పాత్ర వేసిన వార్నర్ బాక్స్‌టర్ మీదే. ఆరోగ్యం పాడైనా అందరినీ తరిమి తరిమి పని చేయించాడు. ప్రదర్శన ముగిసింది, జనం బయటికి వస్తున్నారు. ఆ అమ్మాయిని పొగుడుతున్నారు, పేరంతా దర్శకుడు కొట్టేస్తాడని విసుక్కుంటున్నారు. ఆయన పక్కనే ఉన్నాడని వాళ్లకు తెలియదు. అన్నీ విని, నాటకశాల బయటి ఇనుప మెట్ల మీద ఒంటరిగా కూలబడతాడు.