పెన్నుకు తెలియని ఫ్లోరైడ్
(నల్లగొండ జిల్లాలో, జాతీయ సైన్సు దినోత్సవం నాడు ఉన్నత పాఠశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, గ్రామస్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్ళీ చదవను. నీళ్ళ పరీక్షలన్నీ వరసగా చెబుదామని రాసుకొచ్చాను. కానీ బయట వరండాలో పిల్లలు ఐదు సీసాలు పెట్టారు, చూశారా? ఒక్కోదాని ముందు టీడీఎస్ అంకె, అంటే నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం రాసి, అంకె తక్కువ ఉన్నదానికి ‘మంచి నీళ్ళు’ అని చీటీ అతికించారు. ముందు ఆ చీటీ సంగతి మాట్లాడుకుందాం.

టీడీఎస్ పెన్ను నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. అంతే. అందులో ఏ లవణముందో దానికి తెలియదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతేనే 1.5 దాకా. పెన్ను లీటరుకు 400 మిల్లీగ్రాములు చూపించే నీళ్ళలో ఫ్లోరైడ్ 1 ఉందా, 4 ఉందా? తేడా మూడు మిల్లీగ్రాములు. పెన్ను తప్పు నూటికి రెండే అనుకున్నా 8 అవుతుంది. ఆ ఎనిమిదిలో ఈ మూడు ఎక్కడ కనబడుతుంది చెప్పండి?

అమ్మలారా, మీకూ ఒక మాట. పప్పు తొందరగా ఉడికితే, సబ్బు బాగా నురగొస్తే మంచి నీళ్ళంటాం. మన గ్రానైటు నేలల్లో ఆ గుర్తును నమ్మలేం. కాల్షియం ఉన్నచోట అది ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు దించుతుంది. కాల్షియం తగ్గి సోడియం బైకార్బొనేట్ పెరిగిన చోట ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది. పప్పు బాగా ఉడికేదీ ఆ నీళ్ళలోనే. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిన నడుములు చూసినవాళ్ళు ఈ సభలో ఎందరో ఉన్నారు.

మరి ఫ్లోరైడ్‌ను ఎలా చూడాలి? రంగు మారే పరీక్ష కిట్టుతో. బోరింగును రెండు మూడు నిమిషాలు కొట్టి, పైపులో నిలిచిన నీళ్ళు పారబోయండి. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపండి. చీటీ అక్కడే రాయాలి, బడికొచ్చాక రాస్తే సీసాలు తారుమారవుతాయి. కిట్టు కాగితంలో ఎన్ని మిల్లీలీటర్లంటే అన్నే తీసుకోండి, రసాయనం చుక్కలు లెక్కపెట్టి వేయండి. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు గులాబీ నుంచి పసుపుకు జరుగుతుంది. తెల్ల కాగితం ముందు పెట్టి, పగటి వెలుగులో, నీడలో చూడాలి. ట్యూబులైటు కింద వద్దు. ముగ్గురు విడివిడిగా చూసి, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకుండా రాసుకోవాలి. ఒకడు ‘ఒకటిన్నర’ అని అరిచాడంటే మిగతా ఇద్దరికీ ఒకటిన్నరే కనబడుతుంది!

నల్లా నీళ్ళలో క్లోరిన్ మిగిలుంటే అది రంగును వెలిసిపోయేలా చేస్తుంది, లేని ఫ్లోరైడ్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ నీళ్ళను వెడల్పు గిన్నెలో రాత్రంతా తెరిచి ఉంచి పొద్దున చూడండి. పటిక వేసిన నీళ్ళయితే అటుదిటు: అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకోవడంతో అంకె తక్కువొస్తుంది. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు కదా, ఆ నీళ్ళను పరీక్షించేటప్పుడు ఇది మరవకండి. రంగు పూర్తిగా పసుపైపోతే కిట్టు హద్దు దాటినట్టు. ఆ నీళ్ళు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి మళ్ళీ చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

సార్లూ, టీచరమ్మలూ, కిట్టు పాతబడిందో లేదో తెలియాలంటే తెలిసిన ద్రావణం ఒకటి కావాలి. సోడియం ఫ్లోరైడ్ 0.221 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే సరిగ్గా 1. ఆ పొడి విషం, మీరే తూచాలి, పిల్లల చేతికివ్వొద్దు. ప్రతిసారీ ముందు ఈ 1ని పరీక్షించండి. కిట్టు 1 చూపించకపోతే ఆరోజు అంకెలేవీ రాయొద్దు.

సూక్ష్మజీవుల సంగతి వేరు, దానికి వేరే సీసా. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలో, అంటే పరీక్ష మందు ముందే వేసి ఉన్న సీసాలో, నీళ్ళు పోసి వెచ్చటి చోట పెడితే, మలకాలుష్యం ఉన్న నీళ్ళు 24 నుంచి 48 గంటల్లో నల్లబడతాయి. ఆ సీసాను మాత్రం తొలవకూడదు. నల్లబడితే బ్లీచింగు ద్రావణం పోశాకే పారబోయాలి.

కిట్టులో 1.5 దాటినట్టు వస్తే సర్పంచిగారికి చెప్పి, రెండో సీసా ప్రయోగశాలకు పంపించండి. అక్కడా దాటితే ఆ బోరింగుకు ఎర్ర రంగు వేయించాలి. బట్టలుతకడానికి వాడుకోవచ్చు, తాగడానికీ వంటకూ వద్దు.

ఇప్పుడు ఒక పిల్లో పిల్లవాడో బయటికెళ్ళి ఆ ‘మంచి నీళ్ళు’ చీటీ తీసేయండి. దాని బదులు బోరు లోతు, తేదీ, ఫ్లోరైడ్ అంకె, చూసిన ముగ్గురి పేర్లు రాసిన చీటీ అతికించండి. అంకె ఇంకా తెలియదు కాబట్టి ఆ చోటు ఖాళీగా ఉంచండి.