నాకు బొమ్మలు రావు సార్!

శ్రోతలందరికీ నమస్కారం.

నేను అనంతపురంలో ఒక బీఎడ్ కాలేజీలో డ్రాయింగ్ చెబుతాను. 22 ఏళ్లుగా అదే పని. కాలేజీలో డ్రాయింగ్ సార్ ఎందుకని చాలామంది అడుగుతారు. రేపు బడిలో పాఠం చెప్పబోయేవాళ్లకు నాలుగు గీతలు కూడా రావాలి కదా, అందుకు. ఇప్పటి రెండేళ్ల బీఎడ్‌లో నాటకం, చిత్రకళ సిలబస్‌లోనే ఉన్నాయి. నా చదువు సంగతి ఎక్కువ చెప్పను. బడిలో ఉండగా డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాశాను. ఆ పైన బొమ్మల చదువు కావాలంటే హైదరాబాదో విశాఖపట్నమో పోవాల్సి వచ్చేది. ఇప్పటి పిల్లలకు అంత దూరాభారం లేదు. 2020లో కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. అది తలుచుకుంటే నాకు నిజంగా సంతోషం.

ప్రతి ఏడూ మొదటి క్లాసులో నాకు వినిపించే మాట ఒకటే. "నాకు బొమ్మలు రావు సార్." ఎమ్మెస్సీ చేసినవాళ్లదీ అదే మాట, తెలుగు చదివినవాళ్లదీ అదే మాట. చార్టు వేయమంటే ఊళ్లో ఎవరికో డబ్బులిచ్చి వేయించుకొస్తారు. గుండె బొమ్మ అచ్చు గుద్దినట్టుంటుంది, కింద పేరు వీళ్లది. నాకు కోపం రాదు, బాధేస్తుంది. రేపు ఆ గుండెను బోర్డు మీద వేయాల్సింది ఈ చేతులే కదా.

అలాంటి ఒకమ్మాయి గురించి చెబుతాను. రోజూ ధర్మవరం నుంచి వచ్చేది. వాళ్ల నాన్న పట్టుచీరలు నేస్తారు. రెండు నెలలు ఆ అమ్మాయి గీత గీయడం, రబ్బరుతో చెరపడం. మళ్లీ గీయడం, కాగితం చిరిగేదాకా చెరపడం. "నాకు బొమ్మలు రావు సార్."

ఆ సంవత్సరం పిల్లలను లేపాక్షి తీసుకెళ్లాను. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ, మా నోటికి ఇంకా అనంతపురం లేపాక్షే. నాట్యమండపంలో నేల మీద దుప్పట్లు పరిపించి, అందరినీ వెల్లకిలా పడుకోమన్నాను. ముందు సిగ్గుపడ్డారు. కానీ ఆ బొమ్మలను నిలబడి చూస్తే అయిదు నిమిషాలకే మెడ పట్టేస్తుంది. పడుకునే చూడాలి. రాతి కప్పుకు సున్నపు పూత పూసి, దాని మీద పార్వతి పెళ్లి, కిరాతార్జునుల కథ వేశారు. 16వ శతాబ్దం, అచ్యుతరాయల కాలం. ఎర్రమట్టి, పచ్చమట్టి, సున్నం తెలుపు, మసి నలుపు, కాస్త ఆకుపచ్చ. ఇంచుమించు ఆ రంగులతోనే అంత పెళ్లీ చేశారు!

ఆ రోజు నేను కథలు చెప్పలేదు. "పైనున్న ఆడవాళ్లలో ఒక్కరిని ఎంచుకోండి. ఆమె చీర అంచు మాత్రం వేయండి. రబ్బర్లు నాకిచ్చేయండి" అన్నాను. అందరి రబ్బర్లూ ఒక టిఫిన్ డబ్బాలో వేయించి మూత పెట్టాను.

కాసేపటికి ఆ అమ్మాయి గబుక్కున లేచి కూర్చుంది. "సార్, ఈ అంచు మా ఇంట్లో ఉంది."

లేపాక్షి అంచులు ధర్మవరం మగ్గాలకు కొత్త కాదు. కానీ ఆ తర్వాత ఆమె చెప్పింది నాకు కొత్త. నాన్న గ్రాఫ్ పేపరు మీద డిజైను గీస్తే, గళ్లు నింపేది ఈ అమ్మాయే. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద బిగించిన జకార్డు యంత్రంలో తిరిగేకొద్దీ చీర మీద అంచు పడుతుంది. "మూడు నింపాలి సార్, ఒకటి వదలాలి, మళ్లీ మూడు" అని వేలితో గాల్లో లెక్కపెట్టి చూపించింది. ఆరో తరగతి నుంచీ సెలవులన్నీ అదే పని.

ఇన్నేళ్లు గళ్లు నింపిన చేయి అది. అదంతా ఇంటి పని అనుకుంది, బొమ్మ అనుకోలేదు. 21 చుక్కల ముగ్గు తడబడకుండా వేసే తల్లులు కూడా నాతో ఇదే అంటారు, మాకు బొమ్మలు రావు సార్ అని. ముగ్గుకు రబ్బరుందా అమ్మా?

ఆ రోజు ఆమె రెండు జానల పొడుగు అంచు వేసింది. మొదటి జానలో ఒక తీగ వంకర పోయింది. చెరపడానికి రబ్బరు లేదు. కొంచెంసేపు దానివైపే చూసింది. రెండో జానలో, సరిగ్గా అదే చోట, అదే వంకర మళ్లీ తిప్పింది. తప్పు కాస్తా డిజైను అయిపోయింది.

ఇది వింటున్న తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే. ఒక నెలపాటు పిల్లల జామెట్రీ బాక్సులోంచి రబ్బరు తీసి పక్కన పెట్టండి. ఆ నెల వాళ్లు వేసిన ఏ బొమ్మనీ పారేయకండి. ఒక్క నెల చాలు.

టీచర్లకు ఒక చిన్న పని చెబుతాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పల్లెలో సైన్సు టీచరు. పోయినేడు ఫోన్ చేసింది. "సార్, చాక్‌పీసు పొడి రాలిపోతోంది, బొమ్మ వెనక బెంచీకి కనబడటం లేదు" అంది. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పంచదార కరిగించి, రంగు చాక్‌పీసులను పది నిమిషాలు నాననిచ్చి, తడిగానే వేయమన్నాను. ఆరాక రంగు నిండుగా కనబడుతుంది, పొడి రాలదు. తుడవడానికి మాత్రం తడిగుడ్డ కావాలి.

మర్నాడు ఫొటో పంపింది. బోర్డు నిండా గుండె బొమ్మ, నాలుగు గదులు, ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం. బోర్డు చుట్టూ లేపాక్షి అంచు. ఆ వంకర తీగతో సహా.

సెలవు. నమస్కారం.