రేసు డ్రైవరు సంపాదన: ఎవరు ఎవరికి చెల్లిస్తున్నారు?

సభకు విచ్చేసిన పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఫార్ములా వన్ డ్రైవరుకు ఏడాదికి ఎంత ముడుతుందన్న ప్రశ్నకు పత్రికల్లో ఏటా ఒక జవాబు వస్తూనే ఉంటుంది. 2024 సీజన్‌కు ఫోర్బ్స్ పత్రిక వేసిన లెక్కలో మాక్స్ వెర్‌స్టాపెన్ జీతం, బోనస్ కలిపి 7.5 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో అది 600 కోట్లు దాటుతుంది. ఆ ఏడాది జరిగిన 24 రేసులకు పంచి చూస్తే ఒక్కో రేసుకు పాతిక కోట్ల పైమాటే. అదే లెక్కలో లూయిస్ హామిల్టన్‌కు 5.7 కోట్ల డాలర్లు, లాండో నోరిస్‌కు 3.5 కోట్ల డాలర్లు. జట్లు తమ ఒప్పందాలను బయటపెట్టవు కనుక ఇవన్నీ అంచనాలేనని గుర్తుంచుకోవాలి. అంచనాలే అయినా, ఇంత సొమ్ము ఒక మనిషికి ఎందుకు ఇస్తున్నారో, అదే వృత్తిలో ఉన్న ఇంకొక మనిషి తానే ఎందుకు ఎదురు చెల్లించుకోవలసి వస్తోందో అర్థం చేసుకోవడానికి అవి చాలు. ఈ రెండో సంగతి గురించి మన పత్రికలు చాలా తక్కువ రాస్తాయి. అందుకే ఈరోజు నా మాటల్లో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ముందుగా డబ్బు వచ్చే దారిని చూద్దాం. రేసు గెలిచిన డ్రైవరుకు నిర్వాహకులు బహుమతి సొమ్ము ఇస్తారని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 వంటి రేసుల్లో ఆ పద్ధతి నేటికీ బహిరంగంగానే నడుస్తోంది. 2024లో అక్కడ గెలిచిన జోసెఫ్ న్యూగార్డెన్ పేరిట 42 లక్షల డాలర్లకు పైగా ప్రకటించారు. ఫార్ములా వన్‌లో అలా ఉండదు. అక్కడ బహుమతి సొమ్ము జట్లకు, కన్‌స్ట్రక్టర్ల పట్టికలో, అంటే జట్ల పాయింట్ల పట్టికలో, వాటి స్థానాన్ని బట్టి వెళుతుంది. డ్రైవరుకు దక్కేది జట్టుతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం స్థిరమైన జీతం, పాయింట్లకో విజయాలకో ముడిపెట్టిన బోనస్, ఆపైన సొంత స్పాన్సర్లు ఇచ్చేది. 2021 నుంచి జట్ల ఖర్చుకు పరిమితి విధించారు కానీ, డ్రైవర్ల జీతాలను మాత్రం ఆ పరిమితిలోకి తేలేదు. కారు ముందు రెక్కను ఇంకొకసారి మార్చి చేయించాలంటే లెక్క చూసుకోవలసిన జట్టు, డ్రైవరు జీతం విషయంలో ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. పై అంచె జీతాలు ఇంతగా పెరగడానికి ఈ వెసులుబాటు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఈ బేరాలు ఎలా జరిగేవో చెప్పడానికి ఒక సంఘటన సరిపోతుంది. 1988 సీజన్ కోసం అయర్టన్ సెన్నాను మెక్‌లారెన్ జట్టులోకి తీసుకునే సమయంలో, జట్టు అధిపతి రాన్ డెనిస్ ఇస్తానన్న మొత్తానికీ సెన్నా అడిగిన మొత్తానికీ మధ్య ఐదు లక్షల డాలర్ల తేడా మిగిలింది. ఇద్దరూ పట్టు వదలలేదు. చివరికి బొమ్మా బొరుసూ వేసి తేల్చుకుందామని డెనిస్ ప్రతిపాదించారు. ఆ పద్ధతి సెన్నాకు కొత్త కావడంతో, ఏ వైపు పడితే ఏమవుతుందో కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించవలసి వచ్చింది. ఎగరేసిన నాణెం దొర్లుకుంటూ కర్టెన్ కిందికి పోయింది. తీసి చూస్తే డెనిస్ గెలిచారు. ఒప్పందం మూడేళ్లకు కనుక ఆ ఒక్క నాణెం విలువ పదిహేను లక్షల డాలర్లన్న సంగతి ఆ తరువాత గానీ వారికి తట్టలేదు. దీన్ని డెనిస్ స్వయంగా చాలాసార్లు చెప్పారు. ఇద్దరికీ డబ్బుకు కొదవ లేక ఇలా చేశారని కొందరంటారు; నాకు అలా అనిపించదు. డ్రైవరు పనికి ఇంత అని తూచే కొలమానం ఏదీ లేనప్పుడు చివరి మెట్టును నాణెమే తేల్చవలసి వచ్చింది. 1993 నాటికి సెన్నా స్థాయి ఎంత పెరిగిందంటే, అదే మెక్‌లారెన్‌లో రేసుకు పది లక్షల డాలర్ల చొప్పున, ఏ రేసుకారేసు ఒప్పందం మీద నడిపారు. వదులుకుంటే ప్రత్యర్థి జట్టుకు పోతాడన్న భయమే పై అంచెలో జీతాన్ని నిర్ణయిస్తుంది.

అయితే కాగితం మీద ఉన్న జీతం చేతికి అందుతుందన్న భరోసా పెద్దవారికి కూడా లేదు. ప్రపంచ ఛాంపియన్ కిమీ రైకొనెన్ 2012, 2013 సీజన్లలో లోటస్ జట్టుకు నడిపారు. ఆయన ఒప్పందంలో సాధించిన ప్రతి పాయింటుకూ బోనస్ ఉండేది. ఆయన మొదటి ఏడాది 207 పాయింట్లు, రెండో ఏడాది 183 పాయింట్లు సాధించారు. అప్పటికే అప్పుల్లో ఉన్న జట్టుకు తమ డ్రైవరు బాగా నడపడమే మోయలేని భారమైంది. 2013 నవంబరులో అబుదాబిలో రైకొనెన్ విలేకరుల ముందే, ఆ ఏడాది మొత్తం మీద తనకు ఒక్క యూరో కూడా ముట్టలేదని చెప్పేశారు. మిగిలిన రెండు రేసులకు ఆయన దిగలేదు. వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఇక పాయింట్లు ఎక్కువైతే డ్రైవరు తన జేబులోంచి కట్టవలసినది కూడా ఒకటుంది. ఫార్ములా వన్‌లో నడపడానికి అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఇచ్చే సూపర్ లైసెన్సు రుసుము నిరుటి పాయింట్లను బట్టి పెరుగుతుంది. 2023లో 575 పాయింట్లు సాధించిన వెర్‌స్టాపెన్‌కు మరుసటి ఏడాది లైసెన్సు 12 లక్షల యూరోలకు పైగా పడింది.

జీతం బకాయిల ప్రస్తావన వచ్చింది కనుక, మన దేశంతో నేరుగా సంబంధమున్న ఫోర్స్ ఇండియా కథ చెప్పుకోవాలి. విజయ్ మాల్యా సహ యజమానిగా ఉన్న ఆ జట్టు 2018 నాటికి పూర్తిగా అప్పుల్లో కూరుకుపోయింది. డ్రైవరు సెర్హియో పెరేజ్‌కే దాదాపు 40 లక్షల డాలర్లు బాకీ పడింది. ఇంకొక రుణదాత జట్టును మూసివేయించాలని కోర్టుకెక్కిన వేళ, పెరేజ్ లండన్ హైకోర్టులో జట్టును కోర్టు నియమించే నిర్వాహకుల చేతికి అప్పగించాలని కోరారు. ఆ ఉత్తర్వు జులై నెలలో, హంగేరీ రేసు జరగవలసిన వారాంతంలోనే వచ్చింది. బాకీ కోసం సొంత జట్టునే కోర్టుకు లాగాడని మొదట చాలామంది అతన్ని నిందించారు. నిజానికి మూసివేతకూ, నిర్వాహకుల పాలనకూ చాలా తేడా ఉంది. మూసివేస్తే యంత్రాలు, భాగాలు విడివిడిగా అమ్ముడుపోయి ఉద్యోగులు వీధిన పడేవారు. నిర్వాహకులు వస్తే జట్టు పరుగెత్తుతూనే కొత్త యజమానిని వెతుక్కోవచ్చు. అలాగే జరిగింది. లారెన్స్ స్ట్రోల్ నాయకత్వంలోని బృందం జట్టును కొన్నది, నాలుగు వందల పైచిలుకు ఉద్యోగాలు నిలిచాయి, ఈనాటి ఆస్టన్ మార్టిన్ జట్టు అదే. ఒక డ్రైవరు తన జీతం బాకీని అంత మంచి పనికి ఉపయోగించిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వృత్తిలో సీటు అమ్ముడుపోతుంది. నికీ లౌడా వియన్నాలో ధనిక కుటుంబంలో పుట్టినవాడే అయినా, రేసింగ్‌కు ఇంట్లో ఒప్పుకోలేదు. అతను జీవిత బీమా పాలసీ హామీ పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చి మార్చ్ జట్టులో సీటు కొన్నాడు. అది కలిసిరాకపోతే మళ్లీ అప్పు చేసి బీఆర్ఎం జట్టుకు వెళ్లాడు. 1974లో ఫెరారీ పిలిచాకే ఒడ్డున పడ్డాడు. తరువాత మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1991లో బెల్జియంలో మైకేల్ షూమాకర్ మొదటి రేసు కోసం మెర్సిడెస్ సంస్థ జోర్డాన్ జట్టుకు లక్షన్నర డాలర్లు చెల్లించింది. వెనిజులా ప్రభుత్వ చమురు సంస్థ ఇచ్చిన సొమ్ముతో విలియమ్స్ జట్టులోకి వచ్చిన పాస్టర్ మాల్డొనాడోను డబ్బు డ్రైవరు అని ఎగతాళి చేసినవారే, 2012లో అతను స్పెయిన్ గ్రాండ్ ప్రి గెలిచినప్పుడు చప్పట్లు కొట్టారు. డబ్బు తెచ్చినవాడికి ప్రతిభ లేదనడం తప్పు. డబ్బు లేనివాడి ప్రతిభ మనకు కనబడకుండానే పోతుందన్నది మాత్రం నిజం, నా బాధ అదే.

మన నారాయణ్ కార్తికేయన్ ఉదాహరణే తీసుకోండి. కోయంబత్తూరు నుంచి బయలుదేరి, టాటా సంస్థ అండతో 2005లో జోర్డాన్ జట్టులో చేరి ఫార్ములా వన్‌లో తొలి భారతీయుడయ్యాడు. 2011లో హిస్పానియా జట్టులో ఉండగా సీజన్ నడుమ అతని సీటు రెడ్ బుల్ పంపిన డేనియల్ రికియార్డోకు దక్కింది. గ్రేటర్ నోయిడాలో మన దేశపు తొలి గ్రాండ్ ప్రి జరిగినప్పుడు కార్తికేయన్ మళ్లీ అదే జట్టు కారులో కనిపించాడు. అది అతని వేగం గురించి చెప్పే సంగతి కాదు. సీటు వెనుక ఎవరు నిలబడ్డారన్నదే అక్కడ నిర్ణయించింది.

హైదరాబాద్ వాసులకు 2023 ఫిబ్రవరి 11 గుర్తుండే ఉంటుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసు జరిగింది, జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రోజు పరుగెత్తిన 22 కార్లలో, మన మహీంద్రా జట్టు కార్లతో సహా, ఒక్కదానిలోనూ భారతీయ డ్రైవరు లేడు. మన పిల్లలకు ధైర్యం లేదనో నేర్పు లేదనో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎనిమిదేళ్ల వయసులో కార్టింగ్‌తో, అంటే చిన్న బండ్ల రేసులతో, మొదలుపెట్టి, ఫార్ములా 4, ఫార్ములా 3, ఫార్ములా 2 మెట్లు ఎక్కాలి. ఫార్ములా 3కి వచ్చేసరికి ఒక సీజన్‌కు పది లక్షల యూరోలు, ఫార్ములా 2లో ఇరవై లక్షల యూరోలకు పైగా ఖర్చవుతుంది. ఈ మెట్ల మీద దాదాపు అందరూ జీతం తీసుకోరు, చెల్లిస్తారు. తండ్రి వ్యాపారమో, పెద్ద సంస్థ దయో, ఫార్ములా వన్ జట్టు అకాడమీ పిలుపో ఉంటేనే కుదురుతుంది. పొలం అమ్మినా ఒక్క సీజన్‌కు చాలని కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో కోట్లలో ఉన్నాయి.

దారి లేదా అంటే ఉంది. మహిళల కోసం 2019లో మొదలైన డబ్ల్యూ సిరీస్‌లో డ్రైవర్లు ఏమీ చెల్లించవలసిన అవసరం ఉండేది కాదు. ఛాంపియన్‌కు ఐదు లక్షల డాలర్లు ఇచ్చారు. జేమీ చాడ్విక్ మూడుసార్లు గెలిచింది. అయితే నిధులు లేక 2022 సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. మంచి ఆలోచన స్పాన్సర్ల మీదే ఆధారపడితే ఏమవుతుందో అది చూపించింది. 2023లో ఫార్ములా వన్ యాజమాన్యమే మహిళల కోసం ఎఫ్1 అకాడమీ అనే రేసు సిరీస్‌ను ప్రారంభించి, ఒక్కో కారుకు లక్షన్నర యూరోలు తాను భరించి, అంతే మొత్తాన్ని డ్రైవరును తెచ్చుకోమంది. సగం భారం దించిన ఈ పద్ధతిని ఫార్ములా 3కి కూడా ఎందుకు వర్తింపజేయకూడదు?

ఖర్చెంతో చూద్దాం. ఫార్ములా 3లో పది జట్లు, జట్టుకు మూడు చొప్పున 30 కార్లు. ఒక్కో సీటుకు పది లక్షల యూరోలు వేసుకుంటే, సగం కాదు, మొత్తం భారం మోసినా ఏడాదికి మూడు కోట్ల యూరోలు. 2024లో ఫార్ములా వన్ ఆదాయం 340 కోట్ల డాలర్లు దాటింది. అంటే అడుగుతున్నది నూటికి ఒక్క పాలు. ఇందాక చెప్పిన వెర్‌స్టాపెన్ ఒక్క ఏడాది సంపాదనలో సగం కూడా కాదు. వెర్‌స్టాపెన్ జీతంలో ఒక్క డాలరు కూడా తగ్గించమని నేను అనడం లేదు. అతను ఆ పని అంత బాగా చేస్తున్నాడు. ఆ 30 సీట్లను అమ్మకుండా, కార్టింగ్ ఫలితాలను బట్టి పిలిచి ఇవ్వమని అంటున్నాను. మన దేశపు మోటారు క్రీడల సమాఖ్య అంతర్జాతీయ వేదిక మీద ఈ ప్రతిపాదన పెట్టాలి. పెట్టమని అడగవలసినది ఈ క్రీడను ఇష్టపడే మనమే.