కోసిన ముక్క ఎక్కడికి వెళ్తోంది?

అధ్యక్షులవారికి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చిన పెద్దలకు, అమ్మలకు నమస్కారం.

పుట్టుమచ్చ ఎప్పుడు తీయించుకోవాలని అడిగారు. చాలా మచ్చలకు జవాబు ఒకటే: అక్కర్లేదు. గడ్డం గీస్తుంటే తెగేది, జాకెట్టు అంచుకు ఒరుసుకునేది, అద్దంలో చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనిపించేది తీయించుకోండి. అదృష్టం ఎక్కడికీ పోదు. పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపుగా రాసిన మచ్చయితే ముందే ఫొటో తీసుకుని, తీసేసినట్టు డాక్టరు చేత కాగితం రాయించి దాచుకోండి.

భయపడాల్సిన మచ్చ వేరు. రెండు సగాలు ఒకదానికొకటి పోలవు. అంచు సిరా చెదిరినట్టుంటుంది. ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు కలిసి ఉంటాయి. 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు వెనక రబ్బరంత, దాటి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, నెలల్లో మారిపోతుంది. 40 దాటాక కొత్తగా వచ్చినా చూపించాలి.

పుట్టుమచ్చలా కనిపించే ఆ చర్మ క్యాన్సరును మెలనోమా అంటారు. మనవాళ్లలో అది తక్కువే. వస్తే మాత్రం అరికాలు, అరచెయ్యి, గోటి కింద ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలి గోటి కిందే వచ్చింది. 1977లో బయటపడి, 1981లో 36 ఏళ్లకే ప్రాణం తీసింది. దెబ్బ తగిలి కమిలిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. మెలనోమా నలుపు అలా జరగదు. గోటి మీది నల్ల చార వెడల్పవుతుంది, నలుపు గోటి మొదట్లోని చర్మం మీదికి పాకుతుంది. పెదజాలారిపేట ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగే అన్నలు, అక్కలు ఈ రాత్రి అరికాళ్లు దీపం దగ్గర పెట్టి చూసుకోండి. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కకండి.

లేజర్ గురించి కూడా చెప్పమన్నారు. చెబుతాను కానీ, ముందు కాల్చడం గురించి చెప్పనివ్వండి. సున్నం, చాకలి సోడా తడిపి మచ్చ మీద అద్దుతారు. ఆ రెండూ కలిస్తే పుట్టేది కాస్టిక్ సోడా. పై తోలు కాలిపోతుంది, లోపలి కణాలు మిగులుతాయి. మళ్లీ మొలిచిన మచ్చ వంకరటింకరగా, క్యాన్సరులాగే కనిపించి పరీక్ష చేసేవాళ్లనూ తికమక పెడుతుంది. ఛాతీ మీద, భుజం మీద అయితే కాల్చిన చోట కెలాయిడ్, అంటే ఉబ్బిన గాయపు మచ్చ, గడ్డ కట్టవచ్చు. బ్యూటీ పార్లరులో కాటరీతో, అంటే కరెంటు వేడితో కాల్చినా, లేజరుతో కాల్చినా అసలు నష్టం ఒకటే: పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. అమ్మా, అనుమానమున్న మచ్చను దయచేసి కాల్పించకండి!

అలాంటి మచ్చను కోసే తీయాలి. తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ సూది కొన్ని క్షణాలు మండుతుంది, అంతే. చుట్టూ 2 మిల్లీమీటర్ల మంచి చర్మంతో, కింద కొవ్వుదాకా, ఆకు ఆకారంలో కోస్తారు. పొడవు వెడల్పుకు మూడింతలు ఉండాలి, లేకపోతే కుట్టాక కొసల్లో చర్మం ఉబ్బుతుంది. చిన్న మచ్చకు ఇంత గీతేమిటని డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి. ముఖం మీద కుట్లు 5 నుంచి 7 రోజుల్లో, వీపు మీద 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు.

ఇక ఆ ముక్క. అది చెత్తబుట్టలో కాదు, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో పడి పరీక్షకు వెళ్లాలి. సీసా మీద మీ పేరు, మచ్చ ఏ చోటిదో రాశారో లేదో కళ్లారా చూడండి. రిపోర్టు వచ్చాక అంచుల్లో ఏమైనా మిగిలిందా, మెలనోమా అయితే మందం ఎన్ని మిల్లీమీటర్లు అని అడగండి. 1 మిల్లీమీటరు లోపే దొరికితే చాలామంది బతికి బయటపడతారు. డబ్బు ఇబ్బందైతే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి.

ప్రశ్నలుంటే అడగండి. కాళ్లు చూపించాలనుకునేవాళ్లు మొహమాటపడకుండా ముందుకు రండి.