వెలిగే తీగ, వెలగని తీగ

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక్క బల్బు గురించి మాట్లాడుకుందాం. ఎల్‌ఈడీ కాదు, పసుపు వెలుగునిచ్చే పాతకాలపు ఫిలమెంట్ బల్బు. 60 వాట్లది.

బల్బు దాకా కరెంటు తెచ్చేది రాగి తీగ. లోపల వెలిగేది టంగ్‌స్టన్ తీగ. రెండింటిలో పారే కరెంటు ఒక్కటే, రవ్వంత తేడా ఉండదు. అయినా రాగి తీగ చల్లగానే ఉంటుంది, లోపలి తీగ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ దాకా కాగిపోతుంది. ఎందుకని?

ఒకే కరెంటు పారేటప్పుడు నిరోధం, అంటే కరెంటుకు తగిలే అడ్డు, ఎక్కువున్న తీగలో వేడీ ఎక్కువ. లోపలి తీగ నిరోధం ఎక్కువ. లోహం వేరు కదా అంటారు. నిజమే, కానీ ఒకే పొడవు, ఒకే లావు తీగలు తీసుకుంటే చల్లగా ఉన్నప్పుడు టంగ్‌స్టన్ నిరోధం రాగికి సుమారు మూడు రెట్లే. అసలు సంగతంతా సన్నదనంలో ఉంది. తీగ లావు సగమైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. లెక్కకు వచ్చేది తీగను అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం మరి! లావు పదో వంతుకు తగ్గితే? నూరు రెట్లు. ఫిలమెంట్ ఇంచుమించు తలవెంట్రుకంత సన్నం. పైగా చుట్టలు చుట్టలుగా ఉంటుంది, విప్పితే చాలా పొడవు. పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపు. అందులో మెలికేమీ లేదు.

ఇక నాకు బాగా ఇష్టమైన ముక్క. బల్బును హోల్డరు నుంచి తీసి, చల్లారాక నిరోధం కొలిచే మల్టీమీటరు పెట్టి చూడండి. 60, 70 ఓముల (నిరోధాన్ని ఓముల్లో కొలుస్తారు) దగ్గర చూపిస్తుంది. ఇప్పుడు అదే నిరోధాన్ని లెక్కగట్టి చూద్దాం: ఇంటి కరెంటు 230 వోల్టులను వర్గం చేసి బల్బు వాట్లు 60తో భాగించండి, దాదాపు 880 ఓములు వస్తాయి. మీటరు తప్పా? లెక్క తప్పా? రెండూ ఒప్పే. మీటరు చూసింది చల్లని తీగను, లెక్క చెప్పింది వెలుగుతున్న తీగ సంగతి. వేడెక్కేకొద్దీ లోహంలో పరమాణువులు మరింతగా కదులుతూ ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడతాయి, నిరోధం పెరుగుతుంది. (లోహాల మాటే చెబుతున్నాను, కార్బన్ తీగలో వ్యవహారం తిరగబడుతుంది.) పాఠాల్లో ఉష్ణోగ్రతను చివర్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. నా మట్టుకు నేను దానికే పెద్దపీట వేస్తాను.

ఇప్పుడు చెప్పండి, ఈ బల్బులు చాలావరకు స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు పోతాయి? అప్పుడు తీగ చల్లగా ఉంది. నిరోధం పదో వంతు కూడా లేదు. మామూలుగా పారేదానికి పది రెట్లకు పైగా కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. వాడగా వాడగా టంగ్‌స్టన్ ఆవిరై తీగ ఎక్కడో ఒకచోట పలచబడి ఉంటుంది. పలచబడ్డ చోట నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువ. మిగతా తీగ వేడెక్కి కరెంటును అదుపులోకి తెచ్చేలోపే అక్కడ కరిగి తెగిపోతుంది.

ఒక్క మాట. చల్లని బల్బును మీటరుతో కొలిచి వాట్లు లెక్కగట్టకండి. మీ 60 వాట్ల బల్బు 800 వాట్లదని తేలుతుంది.